పద్దు ఎవరు చదివారు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరికీ ఒక ఉత్తర్వు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, వాళ్లకు ఏం చెబుతున్నారు, లెక్క తేల్చి పంపమని దాని సారాంశం. మరుసటి ఏడాది ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. 9,27,857 మంది జనాభాకు 533 బడులు. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. చదివే పిల్లలు 6,641 మంది, వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. వీధిబడిలో చేరిన పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. ఆ తర్వాత కడితం మీద రాసేవాడు. గుడ్డకు గంజి పట్టించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గుపొడీ జిగురూ పూస్తే కడితం తయారయ్యేది. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ రాసుకోవచ్చు. అంగళ్లలో లెక్కలు రాసేదీ దీని మీదే. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, కొలతలు, తూకాలు ఒక ఎత్తయితే భిన్నాలు ఒక ఎత్తు. పదుల్లో కాకుండా నాలుగో వంతు, అందులో నాలుగో వంతు, మళ్లీ అందులో నాలుగో వంతుగా చాలా లోతుకు దిగే ఆ భిన్నాల కోసం పిల్లల్ని రోజుకు రెండుసార్లు వరసగా నిలబెట్టి వల్లె వేయించేవారు. పద్యాలను అర్థం తెలియకుండా చిలకల్లా అప్పజెబుతున్నారని క్యాంప్‌బెల్ విసుక్కున్నాడు కానీ, లెక్కలు నేర్పే తీరును శ్రద్ధగా వర్ణించాడు.

ఆ లెక్కల చదువును ఈనాటి పరిభాషలో ఆర్థిక అక్షరాస్యత అంటారు. కడితాన్నీ, దాని వెనకాల నడిచిన చిట్టా, ఆవర్జా, హుండీలనూ ఆర్థిక సాంకేతికత అనాలి. ఆ మాట విన్నప్పుడు మనకు ఫోనే గుర్తొస్తుంది గానీ, అప్పును కాయితంగా మార్చడం, సొమ్మును మోయకుండా ఊరు దాటించడం, నిన్నటి బేరాన్ని రేపటికి రుజువుగా నిలబెట్టడం పాత విద్యలే. చిన్న వ్యాపారం బాగుపడటానికి కొత్త సాధనం ముఖ్యమా, దాన్ని వాడే తెలివి ముఖ్యమా అని ఇవాళ సదస్సుల్లో జరిగే చర్చకు మన ప్రాంతపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఒక జవాబు ఇస్తుంది. సాధనం ఏదైనా సరే, ఒక పద్దును పుట్టిస్తుంది. ఆ పద్దును వ్యాపారి స్వయంగా చదివి, తప్పుంటే తప్పని చెప్పగలిగినచోట సాధనం అతనికి పెట్టుబడి తెచ్చిపెట్టింది. ఎదుటివాడొక్కడే చదవగలిగినచోట అదే సాధనం అతని రాబడిని ఎదుటివాడికి చేరవేసింది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచినది ఇదే. దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవి కనుక వాటినీ దాచను.

ముందు సాధనం మేలు చేసిన వైపు చూద్దాం. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజు, జరిగిన వరసలో పడుతుంది. దాంట్లోంచి పేరుపేరునా విడగొట్టి ఎవరి ఖాతా వాళ్లకు ఎత్తి రాసేది ఆవర్జా. రెండూ కలిస్తే ఎవరెంత బాకీ, సరుకులో ఎంత ఇరుక్కుంది, గల్లాపెట్టెలో ఎంత ఉండాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. పద్ధతిగా రాసే అంగట్లో ఇంటికి తీసుకెళ్లిన బియ్యం, బెల్లం కూడా ఇంటిఖర్చు పద్దు కింద పడేవి. ఈ చివరి అలవాటును చిన్నచూపు చూడకూడదు, దాని సంగతి మళ్లీ వస్తుంది. వైశ్య కుటుంబాల పిల్లవాడు వీధిబడిలో ఎక్కాలు ముగించి కొట్టు మీద కూర్చునేవాడు. బడిలో వల్లించిన భిన్నం అక్కడ తూకంలో, వడ్డీలో వెంటనే పనికొచ్చేది. హుండీ అయితే ఇంకా సూక్ష్మమైన సాధనం. చూపగానే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ హుండీ. ఒక ఊరి వర్తకుడు మరో ఊరిలోని తన మనిషి పేర రాసిన చీటీకి అక్కడ రొక్కం చెల్లేది, దారిదోపిడీ భయం లేకుండా. ఆ చీటీ చెల్లడానికి కారణం రాసినవాడి మీద నమ్మకం. అతని పుస్తకాలు ఏ సమయంలో అడిగినా సరిగ్గా ఉంటాయన్నదే ఆ నమ్మకానికి ఆధారం. 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చిన ఇంగ్లీషు ప్రభుత్వం కూడా దేశభాషల్లో రాసే ఇలాంటి పత్రాల వాడుకను కదిలించకుండా వదిలేసింది.

ఇప్పుడు అంగడి అరుగు కిందికి దిగి చూడాలి. 6,641 మంది పిల్లలంటే మొత్తం జనాభాలో నూటికి ఒక్కరు కూడా కాదు. మన్రో విచారణలో తెలుగు జిల్లాల బడిపిల్లల్లో బ్రాహ్మణులు, వైశ్యుల వాటా వాళ్ల జనసంఖ్యకు మించి కనిపిస్తుంది. అంటే కరణీకానికీ వర్తకానికీ వెళ్లేవాళ్లే ఎక్కువగా లెక్కల చదువు చదివారు. నేతగాడు, గానుగవాడు, కుమ్మరి, తోళ్లు పదును చేసేవాడు కూడా వ్యాపారులే. ముడిసరుకు కొని, పనిచేసి, అమ్మి బతికేవాళ్లు. నేతగాడికి నూలు లెక్క ఏ శెట్టిగారికన్నా బాగా తెలుసు. ఎంత నూలుకు ఎన్ని మూరలు దిగుతాయో కళ్లు మూసుకుని చెబుతాడు. అతనికి తెలియనిది తన ఖాతా. ఉత్తర సర్కారుల్లో ఈస్టిండియా కంపెనీ తరఫు వర్తకులు ముందుగా సొమ్మిచ్చి గుడ్డ తీసుకునే పద్ధతిలో ఆ ముందస్తు సొమ్ము ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్న పద్దు ఇచ్చినవాడి దగ్గరే ఉండేది. గుడ్డకు ధర కట్టేదీ, నాసిరకమని తగ్గించేదీ, తగ్గింపును బాకీలో కలిపేదీ ఒకే చెయ్యి. 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షను వ్యాపారంలో క్రమం తప్పకుండా రాసిన ఖాతా పుస్తకాలను సాక్ష్యంగా అంగీకరించింది. ఆ రాత ఒక్కటే చూసి ఎవరి మీదా బాధ్యత మోపరాదని అందులోనే జాగ్రత్త కూడా చెప్పింది. జాగ్రత్త మంచిదే. అయితే ఒకవైపు పుస్తకం, మరోవైపు జ్ఞాపకం నిలబడినప్పుడు కోర్టులో ఏది గట్టిగా వినిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఈ అసమానత ఎంత దూరం పోగలదో 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో బయటపడింది. మే 12న సూపే గ్రామంలో రైతులు షాహుకార్ల ఇళ్ల మీద పడ్డారు. చుట్టుపక్కల ఊళ్లకు పాకిన ఆ తిరుగుబాటులో వాళ్లు ముఖ్యంగా వెతికింది బాండ్లూ, ఖాతా పుస్తకాలూ. దొరికినవాటిని తగలబెట్టారు. దాని వెనక ఒక మంచి ఉద్దేశంతో చేసిన చట్టం ఉంది. అప్పుపత్రాలకు మూడేళ్లే చెల్లుబాటు అని 1859లో కాలపరిమితి చట్టం చెప్పింది. వడ్డీ ఏళ్ల తరబడి పేరుకోకూడదని ఆశ. షాహుకారు దాన్ని తిరగేశాడు. మూడేళ్లకోసారి వడ్డీని అసలులో కలిపి కొత్త పత్రం రాయించి వేలిముద్ర తీసుకున్నాడు. రైతు కట్టిన డబ్బుకు రసీదు లేదు, చెల్లు పడలేదు. నోటు తిరగరాయడం అన్న మాట తెలుగు పల్లెల్లోనూ అందరికీ తెలిసిందే. ఆ తిరుగుబాటు తర్వాత వచ్చిన 1879 నాటి దక్కను రైతుల ఉపశమన చట్టం అప్పు తీసుకున్నవాడికి రసీదు, ఏటా లెక్కల నకలు, కావాలంటే పాస్‌బుక్కు ఇవ్వాలంది. చట్టం రోగాన్ని సరిగ్గానే పట్టుకుంది, పద్దు రెండోవాడి చేతికీ రావాలని గుర్తించింది. కానీ ఆ చేతికి చదవడం ఎవరు నేర్పుతారన్న సంగతి చట్టం పరిధిలో లేదు. డెబ్బై ఏళ్ల తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలోనూ అప్పుపత్రాలు మంటల్లో పడ్డాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది చదువు లేకపోవడం వల్ల జరిగిన నష్టం కాదు, దౌర్జన్యం వల్ల జరిగినది అంటారు. చదువొచ్చిన రైతు కూడా విత్తనాలకు డబ్బు లేనప్పుడు ఏ పత్రం మీదైనా సంతకం పెడతాడు కదా. ఈ మాటలో నిజం ఉంది. పద్దు చదవగలిగినంత మాత్రాన బేరమాడే బలం రాదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: వైశ్య వర్తకుడు బాగుపడింది చిట్టా ఆవర్జాల వల్ల కాదు, తాతల నాటి మూలధనం, నాలుగు ఊళ్లలో నలుగురు బంధువులు, తన కులంలో మాట పోతే పిల్లకు సంబంధం దొరకదన్న భయం వల్ల అంటారు. అదీ కాదనలేను. నిజానికి కులం ఇచ్చిన అన్నిటికన్నా విలువైన వస్తువు తప్పు చేసినా తట్టుకునే రెండో అవకాశం. అయితే ఒకటి గమనించాలి. అదే కులంలో, అదే బజారులో, దాదాపు అంతే మూలధనంతో మొదలైన కొట్లలో కొన్ని అరువుల్లో మునిగిపోయాయి, కొన్ని నిలిచాయి. వాటి మధ్య తేడాను కులమూ మూలధనమూ వివరించలేవు. ఎవరికి ఎంత దాకా అరువివ్వచ్చో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఆవర్జాయే. బలం లేనివాడికి చదువు బలం ఇవ్వకపోవచ్చు గానీ, ఉన్న కాస్త బలం ఎక్కడ కారిపోతోందో చూపిస్తుంది.

సంఘటిత పరపతి ఈ ఖాళీని పూరిస్తుందని తర్వాతి తరం నమ్మింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1923 నవంబరులో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ప్రారంభించారు. అయినా 1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతు కుటుంబాల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతమే అని తేలింది. నూటికి దాదాపు 70 వడ్డీ వ్యాపారుల నుంచే. డిపాజిట్లు చాలకపోవడం, బ్యాంకు శాఖ పట్నానికే పరిమితం కావడం వంటి కారణాలు అందరూ చెప్పేవే. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. బ్యాంకుకు చదవడం వచ్చింది భూమి పత్రాలు, ఆస్తి అప్పుల పట్టిక. కిరాణా కొట్టువాడి చిట్టాను చూసి అతని పరపతిని అంచనా కట్టడం బ్యాంకు గుమస్తాకు నేర్పినవాళ్లు లేరు. నిరక్షరాస్యత బల్లకు అవతలి వైపూ ఉండేది. ఎదురుగా కూర్చుని చిట్టా చదవగలిగిన వడ్డీ వ్యాపారి రేటు ఎక్కువైనా అందుకే నిలిచాడు.

బ్యాంకు రానిచోట చిన్న వ్యాపారి తన సాధనాలు తానే కల్పించుకున్నాడు. వాటిలో చీటీ అన్నిటికన్నా తెలివైనది. ఇరవై మంది నెలకు ఐదు వేలు వేస్తే లక్ష. అవసరమున్నవాడు తగ్గించి పాడుకుంటాడు, తగ్గిన మొత్తం మిగతావాళ్లు పంచుకుంటారు, నడిపేవాడికి కమీషను. మొదట్లో పాడుకున్నవాడు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాడు పొదుపు చేసినట్టు. ఒకే సాధనం ఇద్దరికీ రెండు పనులు చేస్తుంది. 1971లో ఆంధ్రప్రదేశ్, 1982లో కేంద్రం దీనికి చట్టాలు చేశాయి. అయితే పాటలో కూర్చున్నవాడు తాను వదులుకుంటున్న సొమ్మును మిగిలిన నెలల మీద పరిచి నూటికి ఎంత పడుతోందో చూసుకోవాలి. రెండో నెలలో పాతిక వేలు తగ్గించి పాడుకున్నవాడికీ, పదిహేనో నెలలో అంతే తగ్గించినవాడికీ వడ్డీ ఒకటి కాదు. రెండోవాడు చాలా ఎక్కువ కడుతున్నాడు. పండగ సరుకు తెచ్చుకోవాలన్న తొందరలో ఆ లెక్క వేసేవాళ్లు తక్కువ.

రోజువారీ ఫైనాన్సు మరింత మోసపూరితమైనది, అంటే లెక్కకు సంబంధించినంతవరకు. తోపుడు బండి మీద పళ్లు అమ్మే మనిషి పదివేలకు నోటు రాసి తొమ్మిది వేలు చేతికి తీసుకుంటాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కడతాడు అనుకుందాం. వెయ్యి రూపాయలే కదా, నూటికి పది పదకొండు పడుతుంది అనుకుంటాడు. కానీ తొమ్మిది వేలూ వంద రోజులూ అతని దగ్గర ఉండవు. మొదటి రోజు నుంచే తరుగుతూ వస్తాయి. సగటున చేతిలో ఉండేది అందులో సగం. ఆ లెక్కన నెలకు నూటికి ఆరు రూపాయల పైమాటే, ఏడాదికి 75 శాతం దాటుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఉలిక్కిపడే మనిషి ఆరు రూపాయలు నవ్వుతూ కడుతున్నాడు, కారణం ఆ రేటు అతనికి తెలిసిన భాషలో చెప్పకపోవడమే. మరో మాట కూడా ఒప్పుకోవాలి. రోజూ అమ్మకం మీద రోజుకు నాలుగైదు వందలు మిగిలేవాడికి ఆ అప్పు గిట్టుబాటు కావచ్చు. గిట్టుతుందో లేదో తెలియాలంటే తనకు రోజుకు ఎంత మిగులుతుందో తెలియాలి. అది తెలియని చోటే ఒక నోటు తీర్చడానికి ఇంకో నోటు రాస్తారు.

క్యాంప్‌బెల్ లెక్కలోని ఆ అరవై మంది ఆడపిల్లల వైపు మళ్లీ చూడాలి, ఎందుకంటే ఈ కథలో మంచి మలుపు వాళ్ల వారసుల దగ్గరే వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమంలోంచి పుట్టిన పొదుపు సంఘాల్లో మహిళలు రోజుకు రూపాయి చొప్పున దాచారు. 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం వీటికి అప్పు తలుపు తెరిచింది. చాలామందికి చదవడం రాదు, నిజమే. కానీ సమావేశంలో పుస్తకం బయటికి తీసి ఎవరెంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు అని అందరి ముందూ చదివేవాళ్లు. చదువు రాని మనిషి కూడా తన పద్దు చెవితో వింది, తప్పుంటే అక్కడే అడ్డుపడింది. చదవడమన్నది ఒక్కొక్కరి విద్యగా కాక గుంపు ఆచారంగా మారితే ఏమవుతుందో ఇది చూపింది. ఆ వెనకే వచ్చిన సూక్ష్మరుణ సంస్థలు గుంపును ఉంచుకున్నాయి, ఆ చదివే ఆచారాన్ని చాలాచోట్ల వదిలేశాయి. వారం వారం కిస్తీ, ఒకే ఇంటికి నాలుగైదు సంస్థల అప్పు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు పదుల సంఖ్యలో శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వారపు వసూళ్లు ఆపింది, వసూళ్లు కుప్పకూలాయి.

ఆ సంక్షోభానికి ముందే హైదరాబాదులో ఒక ముఖ్యమైన పరిశోధన జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు 104 పేదల బస్తీలను తీసుకుని వాటిలో సగానికి లాటరీ పద్ధతిన సూక్ష్మరుణ శాఖలు వచ్చేలా చూసి, మిగతా సగంతో పోల్చారు. అప్పు అందిన బస్తీల్లో అప్పటికే వ్యాపారమున్న ఇళ్లు కాస్త ఎక్కువ పెట్టుబడి పెట్టాయి. లాభం పెరిగింది మాత్రం బాగా నడుస్తున్న కొద్ది వ్యాపారాల్లోనే. మధ్యస్థంగా ఉన్నవాటిలో పెద్ద మార్పు లేదు. అప్పు రాకముందే వ్యాపారం పెట్టుకున్నవాళ్లకు మేలు ఏళ్ల తర్వాత కూడా నిలిచిందని ఆ తర్వాతి పరిశీలన చెప్పింది. ఈ పరిశోధన ఎవరు చిట్టా రాస్తున్నారని కొలవలేదు, కనుక దీన్ని నా వాదానికి నేరుగా రుజువుగా వాడను. అయినా డబ్బును చేరవేసే కొత్త మార్గం ఒక్కటే లాభం తేదని ఇంత శుభ్రంగా చూపిన ఉదాహరణ మన నేల మీద ఇంకొకటి లేదు.

మరి చదువు చెబితే వస్తుందా? ఇక్కడే నా వాదానికి అసలైన చిక్కు. 2014లో వెలువడిన ఒక సమీక్ష ప్రపంచవ్యాప్తంగా 201 అధ్యయనాలను కలిపి చూసి, మనుషుల ఆర్థిక ప్రవర్తనలో కనిపించే తేడాల్లో ఆర్థిక విద్య వివరించగలిగింది 0.1 శాతమేనని తేల్చింది. తరగతి గదిలో చక్రవడ్డీ పాఠం విన్నవాడు బయటికి వచ్చి పాత పద్ధతిలోనే నడుస్తాడు. కానీ అదే ఏడాది డొమినికన్ రిపబ్లిక్ చిన్న వ్యాపారుల మీద వచ్చిన మరో అధ్యయనాన్ని పక్కన పెట్టి చూడాలి. కొందరికి క్రమపద్ధతి అకౌంటింగ్ నేర్పారు, పెద్దగా ఫలితం లేదు. ఇంకొందరికి రెండు మూడు మోటు సూత్రాలు చెప్పారు: కొట్టు డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు వేరే సొరుగులో పెట్టు, తీస్తే రాసుకో. వీళ్ల లెక్కలు మెరుగయ్యాయి, అమ్మకాలూ మెరుగయ్యాయి. ఇంటికి తీసుకెళ్లిన బెల్లాన్ని ఇంటిఖర్చు పద్దులో రాసిన పాత అంగడి ఆచారం ఇదే. వ్యాపారికి పనికొచ్చే లెక్క తన సరుకు మీద, తన గల్లాపెట్టె ముందు, రోజూ చేసేది. అంటే పైన చెప్పిన సమీక్ష నా వాదాన్ని కొట్టేయడం లేదు, ఏ రకం చదువు పనికిరాదో చెబుతోంది. పథకాల కింద సగం రోజు శిబిరం పెట్టి, హాజరుపట్టీలో సంతకాలు తీసుకుని, భోజనం పెట్టి పంపే కార్యక్రమాల్లో చాలావరకు ఆ పనికిరాని రకమే.

2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబరులో పెద్దనోట్ల రద్దు దాన్ని బజారులోకి తోసింది. 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కమీషను లేదు. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. బడ్డీకొట్టులో సౌండ్‌బాక్సు వచ్చిన సొమ్మును తెలుగులో ప్రకటిస్తుంది. ఇక చదువు ఎందుకు, యంత్రమే రాస్తోంది, యంత్రమే చదివి వినిపిస్తోంది అన్నది మూడో అభ్యంతరం, నిజంగా ఆలోచించదగ్గది. చిల్లర బాధ తప్పింది, దొంగనోటు భయం తప్పింది, మోయకుండానే సొమ్ము ఊరు దాటింది. హుండీ చేసిన మేలు ఇప్పుడు రోడ్డు పక్కన పకోడీలు వేసే మనిషికీ అందింది. నూటికి ఒక్కరికే అందిన సాధనం నూటికి నూరుగురికీ దగ్గరైంది. ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి కింద వీధి వ్యాపారులకు తొలి విడత పదివేల అప్పు, సమయానికి తీరిస్తే ఇంకొంచెం పెద్దది, డిజిటల్ లావాదేవీలకు కొంత సొమ్ము వాపసు దొరికాయి. 1950లలో బ్యాంకు చదవలేకపోయిన చిట్టా ఇప్పుడు దాని కంప్యూటర్ తెర మీదే కనిపిస్తోంది.

అయితే ఆ తెర మీద పడుతున్నది సగం చిట్టా. ఎంత వచ్చిందో ఉంటుంది. తెల్లవారుజామున మార్కెట్‌లో నగదుకు కొన్న సరుకు, కుళ్లి పారేసినది, అరువుకిచ్చినది, ఇంటికి తీసినది అందులో ఉండవు. చెల్లెలు తిరిగిచ్చిన బదులూ, పళ్లమ్మిన డబ్బూ ఒకే వరసలో పడతాయి. అమ్మకం పెరిగిందని సౌండ్‌బాక్సు ఎంత గట్టిగా చెప్పినా మిగులు పెరిగిందో లేదో అది చెప్పదు. ఈ సగం చిట్టాను చదివి అప్పిచ్చే సంస్థలు క్యూఆర్ ద్వారా వచ్చే సొమ్ములోంచి రోజూ కిస్తీ కోసుకునే పద్ధతి పెట్టాయి. రోజువారీ ఫైనాన్సు మనిషి సైకిలు దిగి ఫోనులోకి వెళ్లాడన్నమాట. అప్పిచ్చేవాడికి వ్యాపారి రాబడి గంట గంటకూ తెలుసు, వ్యాపారికి తన అప్పు అసలు రేటు తెలియకపోవచ్చు. 2020 చివర్లో హైదరాబాదు పోలీసులు లోన్ యాప్‌ల ముఠాలను అరెస్టు చేసినప్పుడు ఈ అసమానత వికృత రూపం చూశాం. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందుగానే ఒక పత్రంలో చూపాలని ఆదేశించింది. 1879 నాటి పాస్‌బుక్కుకు ఇది మనవరాలు. చట్టం తన వంతు చేసింది. ఆ పత్రాన్ని చదవకుండానే అంగీకరిస్తున్నానని బొటనవేలితో తాకేస్తే వేలిముద్ర కాలానికీ దీనికీ తేడా కొంచెమే.

2025 జులైలో పక్క రాష్ట్రం కర్ణాటకలో ఏం జరిగిందో చూస్తే ఈ సగం చిట్టా సంగతి తేటపడుతుంది. వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వివరాలు తెప్పించుకుని, సరుకులకైతే ఏడాదికి 40 లక్షలు, సేవలకైతే 20 లక్షల పరిమితి దాటి సొమ్ము వచ్చినా జీఎస్టీ నమోదు చేసుకోని వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో బేకరీలు, టీ అంగళ్లు, కూరగాయల బళ్లవాళ్లు క్యూఆర్ కాగితాలు పీకేసి నగదు మాత్రమే అని రాసి పెట్టారు. శాఖ వైపు న్యాయం ఉంది, పరిమితి అందరికీ ఒకటే. వ్యాపారుల వైపూ ఉంది, ఖాతాలో పడ్డదంతా అమ్మకం కాదు, అమ్మకమంతా పన్ను పడే సరుకూ కాదు. కూరగాయలకు, పాలకు అసలు పన్నే లేదు. గొడవ పెద్దదయ్యాక ప్రభుత్వం పన్ను లేని సరుకులవాళ్ల మీద పాత బాకీలకు ఒత్తిడి చేయబోమని చెప్పింది. కానీ ఏ సొమ్ము ఏ సరుకుదో విడగొట్టి చూపగలగాలంటే కావలసింది రోజువారీ కొనుగోలు, అమ్మకం, ఇంటిఖర్చు వేరు వేరుగా రాసిన పుస్తకమే. అది రాసుకున్నవాళ్లకు ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండేది. కోటిన్నర లోపు టర్నోవరున్న సరుకుల వ్యాపారి కాంపొజిషన్ పద్ధతిలో చేరితే అమ్మకం మీద ఒక శాతం కట్టి, నెలనెలా రిటర్నుల బెడద లేకుండా బయటపడొచ్చు. తన ఏడాది అమ్మకం 40 లక్షలు దాటబోతోందని దసరా నాటికే ఆవర్జాలో చూసుకున్న బేకరీవాడు ఆ దారి పట్టేందుకు ఆర్నెల్ల గడువు ఉండేది.